సీపీకే సాధారణానికి వచ్చింది, ఇక పాపకు స్టెరాయిడ్ ఆపవచ్చా? జువెనైల్ డెర్మటోమయోసైటిస్ గురించి తెలిసినవారు చెప్పగలరు

ప్రశ్న: మల్కాజిగిరి నుంచి ఒక తండ్రి

నమస్కారం. మా పాపకు ఏడేళ్లు, రెండో తరగతి చదువుతోంది. ఐదు వారాల క్రితం ఆమెకు జువెనైల్ డెర్మటోమయోసైటిస్ అనే, పిల్లల కండరాలకూ చర్మానికీ వచ్చే జబ్బు ఉందని నిర్ధారించారు. ఈ జబ్బు ఉన్న పిల్లల తల్లిదండ్రులు గానీ, వైద్యం తెలిసినవారు గానీ ఉంటే మా సందేహం తీర్చగలరని రాస్తున్నాను. పొడవుగా రాస్తున్నందుకు మన్నించండి. జరిగింది మొత్తం చెప్పకపోతే మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న వాదన మీకు అర్థం కాదు.

బతుకమ్మ రోజుల్లో మా వీధి ఆడపిల్లలతో కలిసి ఆడుతున్న పాప, నాలుగు చుట్లు తిరిగేసరికి వంగి చప్పట్లు కొట్టి లేవలేక పక్కకు వచ్చి కూర్చుంది. కొత్త చెప్పులు కరుస్తున్నాయేమో అనుకున్నాం. దీపావళి నాటికి మరుగుదొడ్డిలో కూర్చుంటే వాళ్లమ్మ చేయి అందిస్తే తప్ప లేవలేకపోయింది. మాది పాత ఇల్లు, కింద కూర్చునే పద్ధతిలో కట్టినది. అన్నం తిని లేచేటప్పుడు ముందుగా బోర్లా తిరిగి, రెండు చేతులూ నేలకు ఆనించి, తరువాత మోకాళ్ల మీదా తొడల మీదా చేతులు కొంచెం కొంచెంగా పైకి జరుపుకుంటూ నిలబడేది. జడ వేసేటప్పుడు రిబ్బను పట్టుకోమంటే చేయి పైన నిలిచేది కాదు. బద్ధకమని కోప్పడ్డాం. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఆ రోజుల్లోనే కనురెప్పలు ఉబ్బి వంకాయ రంగుకు తిరిగాయి. కాటుక చెదిరిందనుకుని నానమ్మ తడిగుడ్డతో తుడిచింది. వేళ్ల కణుపుల మీద చర్మం ఎర్రబడి, కాస్త ఉబ్బెత్తుగా, పొలుసులు లేస్తూ ఉండేది. దానికి ఒకచోట పూతమందు ఇచ్చారు. నీరసమని ఇంకొకచోట రక్తపరీక్షలు చేయిస్తే కాలేయానికి చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువగా వచ్చాయి, కామెర్లన్నారు. పథ్యం పెట్టాం, ఊరికి తీసుకెళ్లి పసరు కూడా పోయించాం. కామెర్లలో పెరిగే బిలిరుబిన్ మామూలుగానే ఉందన్న సంగతి మా దృష్టికి రాలేదు. దాదాపు నెలన్నర అలా పోయింది. చివరికి ఒక పిల్లల డాక్టరమ్మ పాప చేతి వేళ్లను కిటికీ వెలుతురులో పెట్టి చూసి, నేల మీద కూర్చుని లేవమన్నారు. ఆమెకు అక్కడే అర్థమైంది. అప్పుడు సీపీకే, అంటే కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము, నాలుగు వేలు దాటి ఉంది. తొడల ఎమ్మారైలో కండరాల వాపు కనిపించింది.

మూడు రోజులు మిథైల్ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ సెలైన్ ద్వారా ఎక్కించారు. ఇప్పుడు ప్రెడ్నిసోలోన్ స్టెరాయిడ్ మాత్రలు, వారానికి ఒకసారి రోగనిరోధక శక్తిని అణిచే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్, ఫోలిక్ యాసిడ్, క్యాల్షియం, విటమిన్ డీ నడుస్తున్నాయి. మొన్నటి పరీక్షలో సీపీకే సాధారణ స్థాయికి వచ్చింది. కానీ పాప ఇంకా చేయి ఊతం లేకుండా నేల మీద నుంచి లేవలేదు. ముఖం గుండ్రంగా ఉబ్బింది, అర్ధరాత్రి లేచి అన్నం అడుగుతోంది, ఊరికే ఏడుస్తోంది. రిపోర్టు మామూలుగా ఉన్నప్పుడు పసిపిల్లకు స్టెరాయిడ్ ఎందుకు మింగిస్తున్నారని మా బావగారు, అత్తయ్య గట్టిగా పట్టుబడుతున్నారు. వచ్చే అపాయింట్‌మెంటుకు ఇంకా రెండు వారాలుంది.

ఈ జబ్బు అసలు ఏమిటి, కండరానికీ చర్మానికీ ఒకేసారి ఎందుకు వస్తుంది, సీపీకే తగ్గితే జబ్బు తగ్గినట్టేనా, స్టెరాయిడ్ ఇప్పుడు మేమే కొంచెం తగ్గిస్తే ప్రమాదమా? దయచేసి చెప్పండి.


సమాధానం: ఉప్పల్ నుంచి ఒక తల్లి

అన్నయ్య గారూ, ముందు ఒక్క మాట. ఈ రాత్రి వేయాల్సిన మాత్రగానీ, రేపు ఉదయం వేయాల్సిన మాత్రగానీ ఎవరి మాట మీదా మానకండి. రెండు వారాలు ఆగలేమనిపిస్తే ఆసుపత్రికి ఫోన్ చేసి అపాయింట్‌మెంటు ముందుకు జరిపించుకోండి. మిగతాది నిదానంగా చదవండి.

మా అమ్మాయికి ఆరో ఏట ఈ జబ్బు వచ్చింది. ఇప్పుడు పదమూడేళ్లు, మందులు మానేసి రెండేళ్లు దాటింది. మీరు రాసిన కాటుక మాట చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. మా పాప మెటికల మీద మచ్చలు చూసి, కింద పాకుతూ ఆడుకుంటే మట్టి పేరుకుందని నేను పీచుతో తోమాను. మన పిల్లల చామనఛాయ చర్మం మీద ఈ ఎరుపు ఎరుపులా కనపడదు. గోధుమ రంగులోనో, కమిలినట్టో కనపడుతుంది, అందుకే ఇంట్లోవాళ్లే కాదు, చూపించుకున్న చోట కూడా పోల్చుకోలేకపోతారు. మీ తప్పేమీ లేదు. పిల్లను బద్ధకమని నేనూ అన్నాను. జబ్బు సంగతి తెలిశాక ఒకరోజు దగ్గర కూర్చోబెట్టుకుని, నీకు బలం లేకనే లేవలేకపోయావని మాకు అప్పుడు తెలియలేదు తల్లీ, అని చెప్పాను. మీరూ చెప్పండి. ఏడేళ్ల పిల్లకు ఆ మాట బాగా అర్థమవుతుంది.

సీపీకే గురించి మా డాక్టరుగారు ఒక పని చెప్పారు, నాకు అన్ని రిపోర్టుల కన్నా అదే ఎక్కువ ఉపయోగపడింది. ప్రతి ఆదివారం ఉదయం, హాలులో ఒకే చోట, ఒకే చాప మీద పాపను కూర్చోబెట్టి, లేవమని చెప్పి ఫోనులో వీడియో తీసేదాన్ని. తరువాత పడుకోబెట్టి, దిండు మీద నుంచి తల మాత్రమే ఎత్తి ఎంతసేపు ఉంచగలదో లెక్కపెట్టేదాన్ని. మొదటి ఆదివారం తల అసలు లేవలేదు. సీపీకే మామూలుకు వచ్చిన నాటికి ఐదు అంకెలు లెక్కపెట్టేలోపే దించేసేది. ఆ వీడియోలు పక్కపక్కన పెట్టి మా మామగారికి చూపించాకే ఇంట్లో స్టెరాయిడ్ మీద వాదన ఆగింది. ఆయన చదువుకున్న మనిషే, కానీ రిపోర్టులోని అంకెను నమ్మినంతగా పిల్ల కష్టాన్ని చూడలేదు. మీ బావగారికి కూడా పాప లేచే తీరు చూపించండి.

మెథోట్రెక్సేట్ విషయంలో ఒక హెచ్చరిక. అది వారానికి ఒక్కసారే. మాకు మొదట మాత్రల రూపంలో ఇచ్చారు. చీటీలో డాక్టరుగారు వారానికి ఒకసారి అని స్పష్టంగా రాసినా, మందుల దుకాణంలో కుర్రవాడు కవరు మీద రోజుకు ఒకటి అని గీత పెట్టి ఇచ్చాడు. కవరు చూసి వేసి ఉంటే ఏమయ్యేదో తలచుకోలేను. రోజూ వేస్తే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. మీది ఇంజెక్షన్ కాబట్టి ఆ భయం కొంత తక్కువే, అయినా క్యాలెండరులో ప్రతి శుక్రవారమో శనివారమో ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టి పెట్టుకోండి. ఇంజెక్షన్ మరునాడు వాంతి వచ్చినట్టు ఉంటుందంటే బడి లేని రోజుకు ముందు రోజు సాయంత్రం ఇవ్వవచ్చేమో అడగండి.

ఆకలి సంగతి. స్టెరాయిడ్ ఆకలి మామూలు ఆకలి కాదు, వద్దని కసిరితే పిల్ల దొంగతనంగా తింటుంది. పచ్చళ్లు, అప్పడాలు, చిప్స్ పూర్తిగా ఇంట్లోనే లేకుండా చేశాను, ఉప్పు తగ్గించాను. రాత్రికి కీరదోస ముక్కలు, మరమరాలు, మజ్జిగ, ఉడికించిన గుడ్డు అందుబాటులో పెట్టేదాన్ని. మాత్ర ఉదయం టిఫిను తరువాత వేస్తే నిద్ర కొంచెం నయంగా పడుతుంది. ముఖం ఉబ్బు తప్పక దిగుతుంది, మోతాదు తగ్గే కొద్దీ మీకే కనపడుతుంది.

ఇక ఎండ. ఫిబ్రవరి దాటితే మన హైదరాబాదు ఎండ మీకు తెలిసిందే. ఈ జబ్బులో ఎండ చర్మాన్ని కాల్చడంతో ఆగదు, లోపలి జబ్బునే రెచ్చగొట్టగలదు. బడి అసెంబ్లీలో పాపను నీడలో నిలబెట్టేందుకు ప్రిన్సిపాల్ గారికి డాక్టరు ఉత్తరం ఇచ్చాం. పొడుగు చేతుల చొక్కా, అంచు వెడల్పు టోపీ, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ వాడాం. ఆటోలో, బస్సులో కిటికీ వైపు కూర్చోబెట్టకండి; అద్దం మూసి ఉన్నా అతినీలలోహిత కిరణాల్లో కొన్ని లోపలికి వస్తాయి. తరగతి మూడో అంతస్తులో ఉంటే కింది అంతస్తుకు మార్చమనండి, మాకు ఒక్క ఉత్తరంతో మార్చారు.

ఖర్చు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. నిమ్స్‌లో రుమటాలజీ (కీళ్లవాత జబ్బుల) విభాగం ఉంది, పిల్లలకైతే నిలోఫర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఏడాదికి కుటుంబానికి పది లక్షలు. మీ పాప చికిత్సలో ఏ భాగం దాని కిందికి వస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర అడిగి తెలుసుకోండి.


సమాధానం: పిల్లల కీళ్లవాత, ఆటోఇమ్యూన్ జబ్బుల వైద్యుడు, హైదరాబాదు

మీ పాపను నేను చూడలేదు కనుక మోతాదు గురించి మాట్లాడను. అది మీ డాక్టరమ్మ నిర్ణయించవలసినది. మీరు అడిగిన ప్రశ్నలకు మాత్రం వివరంగా చెప్పగలను.

ఇది చాలా అరుదైన జబ్బు. పది లక్షల మంది పిల్లల్లో ఏడాదికి ఇద్దరి నుంచి నలుగురికి కొత్తగా వస్తుంది. ఆడపిల్లల్లో ఎక్కువ, సగటున ఏడేళ్ల ప్రాయంలో మొదలవుతుంది, దాదాపు నాలుగో వంతు పిల్లల్లో నాలుగేళ్లలోపే కనిపిస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు. తల్లిదండ్రుల నుంచి నేరుగా సంక్రమించేదీ కాదు. జన్యువుల్లో కొంత స్వభావం ఉన్న పిల్లల్లో ఏదో ఒక బయటి కారణం తోడై రోగనిరోధక వ్యవస్థ దారి తప్పుతుంది. మీరు పెట్టిన తిండి వల్ల రాలేదు, దిష్టి వల్ల రాలేదు.

కండరానికీ చర్మానికీ కలిపి ఎందుకు వస్తుందన్న మీ ప్రశ్న ఈ జబ్బు గుట్టు మొత్తాన్నీ పట్టుకున్న ప్రశ్న. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు. వైరస్ సోకినప్పుడు శరీరం ఇంటర్‌ఫెరాన్ అనే రసాయన సంకేతంతో హెచ్చరిక జారీ చేస్తుంది. ఈ పిల్లల్లో వైరస్ లేకపోయినా ఆ హెచ్చరిక ఆగకుండా మోగుతూ ఉంటుంది. దాని ధాటికి సూక్ష్మ రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని కొన్ని మూసుకుపోతాయి, కండరపు పోగుల కట్టల అంచున ఉన్న పోగులు ముందుగా సన్నబడతాయి. భుజాలు, తుంటి, మెడ, పొట్ట, ఈ పెద్ద కండరాలే ముందు బలహీనపడతాయి కాబట్టి పిల్ల పెన్సిలు పట్టుకోగలదు, కానీ చేయి ఎత్తలేదు. నడవగలదు, కానీ మెట్లెక్కలేదు. మీ డాక్టరమ్మను పాప గోళ్ల మొదట్లో చర్మం అంచును భూతద్దంలో చూపించమని అడగండి. ఆరోగ్యంగా ఉన్నవారిలో అక్కడ రక్తనాళాలు దువ్వెన పళ్లలా వరుసగా ఉంటాయి. ఈ జబ్బులో కొన్ని మాయమై, మిగిలినవి ఉబ్బి మెలికలు తిరిగి ఉంటాయి. కండరాన్ని కోసి చూడకుండానే లోపల ఏం జరుగుతోందో చూపించే చోటు అదే. జబ్బు అణిగే కొద్దీ ఆ వరుస మళ్లీ నిండుకుంటుంది.

ఇప్పుడు సీపీకే. అది కండరపు కణాల్లో ఉండే ఎంజైము. కణం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారుతుంది. స్టెరాయిడ్ పడగానే ఆ కారడం ఆగుతుంది, కొన్ని వారాల్లోనే అంకె మామూలుకు వస్తుంది. కానీ దెబ్బతిన్న కండరం తిరిగి కట్టుకోవడానికి నెలలు పడుతుంది, రోగనిరోధక వ్యవస్థ శాంతించడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. నిప్పు మీద నీళ్లు చల్లితే పొగ ఆగుతుంది, బూడిద కింద కణిక ఆరిందని చెప్పలేం. పైగా జబ్బు తీవ్రంగా ఉన్న రోజుల్లో కూడా సీపీకే మామూలుగా ఉండే పిల్లలు ఉన్నారు, ముఖ్యంగా వైద్యానికి ఆలస్యంగా వచ్చినవారిలో. అందుకే మేము ఎల్‌డీహెచ్, ఆల్డోలేజ్ అనే మరో రెండు ఎంజైములు కూడా చూస్తాం, కండర బలాన్ని కొలుస్తాం, చర్మాన్ని చూస్తాం, అనుమానం మిగిలితే ఎమ్మారై మళ్లీ తీయిస్తాం. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కాలేయంలోనే కాదు, కండరంలో కూడా ఉంటాయి. కామెర్లు లేకుండా, బిలిరుబిన్ మామూలుగా ఉండి అవి పెరిగిన ప్రతి పిల్లకూ ఒక్కసారి సీపీకే చేయించాలని నేను వైద్య విద్యార్థులకు పదే పదే చెబుతాను, ఎందుకంటే మీలా పథ్యాల్లో, పసరుల్లో నెలలు పోగొట్టుకుని వచ్చే కుటుంబాలను చూస్తున్నాను.

స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు తగ్గించడం రెండు విధాల ప్రమాదం. మొదటిది, జబ్బు తిరగబెడుతుంది, తిరగబెట్టినది లొంగడం మరింత కష్టం. రెండోది, మూత్రపిండాల మీద ఉండే ఎడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ తయారుచేస్తాయి. బయటి నుంచి మందు వస్తున్నప్పుడు అవి పని మానుకుంటాయి. మాత్ర ఒక్కసారిగా ఆపితే శరీరంలో ఆ హార్మోను లేక రక్తపోటు పడిపోయి, వాంతులై, స్పృహ తప్పవచ్చు. వాంతి వల్ల ఒక పూట మాత్ర నిలవకపోయినా ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

మీ బావగారి భయంలో న్యాయం ఉంది, దానిని కొట్టిపారేయను. స్టెరాయిడ్ ఎక్కువ కాలం వాడితే ఎత్తు పెరగడం మందగిస్తుంది, ఎముకలు పలచబడతాయి, కంటిలో శుక్లం రావచ్చు, రక్తపోటు పెరగవచ్చు. సరిగ్గా అందుకే మెథోట్రెక్సేట్‌ను మొదటి రోజు నుంచే జత చేస్తాం, స్టెరాయిడ్‌ను త్వరగా దించగలగడం కోసం. కొత్తగా జబ్బు పడిన 139 మంది పిల్లల మీద చేసిన అంతర్జాతీయ పరిశీలన 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆరు నెలలు గడిచేసరికి ఒక్క ప్రెడ్నిసోన్ స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 51 శాతం మంది మెరుగుపడితే, మెథోట్రెక్సేట్ కూడా తీసుకున్నవారిలో 72 శాతం మంది మెరుగుపడ్డారు. ఈ రెండూ చాలని పిల్లలకు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించడం, మైకోఫినోలేట్, రిటుక్సిమాబ్, ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్నే అడ్డుకునే టోఫాసిటినిబ్ వంటి మందులు ఉన్నాయి. స్టెరాయిడ్ లేని కాలంలో ఈ పిల్లల్లో సుమారు మూడో వంతు మంది చనిపోయేవారు, మరో మూడో వంతు మంది వైకల్యంతో మిగిలేవారు. నేడు మరణాలు నూటికి రెండు మూడుకు మించవు. ఈ మందును తిట్టేటప్పుడు ఆ రోజులను కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంటర్నెట్‌లో డెర్మటోమయోసైటిస్ అని వెతికితే క్యాన్సరుతో సంబంధమని కనపడి మీరు భయపడి ఉంటారు. అది పెద్దవారి సంగతి. పిల్లల్లో వచ్చే ఈ జబ్బుకు క్యాన్సరుతో అలాంటి ముడి లేదు.

కొందరు పిల్లల్లో మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర, పిరుదుల మీద చర్మం కింద సున్నపు గడ్డలు కడతాయి. పాలు, క్యాల్షియం మాత్రలు మానేస్తే ఇవి రావని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఆ గడ్డలు తిండిలోని క్యాల్షియం వల్ల కాదు, అణగని వాపు వల్ల వస్తాయి. చికిత్స ఆలస్యమైతే, చాలకపోతే వచ్చే అవకాశం ఎక్కువ. స్టెరాయిడ్ వాడే పిల్లకు క్యాల్షియం మానితే ఎముకలకే నష్టం.

ఇవి కనిపిస్తే అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి రండి: నీళ్లు తాగితే పొలమారడం లేదా ముక్కులోంచి రావడం, గొంతు ముక్కుతో మాట్లాడినట్టు మారడం, ఆయాసం, తీవ్రమైన కడుపునొప్పి, నల్లని మలం, జ్వరం. మింగే కండరాలు బలహీనపడితే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. జ్వరం ఎందుకంటే, ఈ మందుల మీద ఉన్న పిల్లకు చిన్న ఇన్ఫెక్షన్ కూడా చిన్నదిగా ఉండకపోవచ్చు.


మళ్లీ మల్కాజిగిరి తండ్రి

డాక్టరుగారికీ, ఉప్పల్ చెల్లెమ్మకూ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రాత్రి మీ ఇద్దరి సమాధానాలూ ఇంట్లో అందరి ముందూ చదివాను. మాత్ర తగ్గించే మాట ఇప్పటికి ఆగింది.

ఇంకో రెండు సందేహాలు. కండరం వాచి ఉన్నప్పుడు కదిలిస్తే మరింత దెబ్బతింటుందని, పాపను మంచం దిగనివ్వవద్దని అత్తయ్య అంటున్నారు. ఇది నిజమేనా? ఇంకొకటి, మా బాబుకు మూడేళ్లు. పల్స్ పోలియో చుక్కలు వేయించవచ్చా?


సమాధానం: పై వైద్యుడే

బాబుకు చుక్కలు వేయించే ముందు మీ డాక్టరమ్మను అడగండి. నోటి చుక్కల్లో బలహీనపరచిన బతికున్న వైరస్ ఉంటుంది, అది వేసుకున్న పిల్లల మలంలో కొన్ని వారాలు బయటికి వస్తుంది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడే పిల్ల ఉన్న ఇంట్లో మిగతా పిల్లలకు చుక్కలకు బదులుగా ఇంజెక్షన్ పోలియో టీకా ఇవ్వడం మేలు. మీ పాపకైతే ప్రస్తుతం బతికున్న వైరస్ ఉన్న టీకాలు, అంటే తట్టు, ఆటలమ్మ వంటివి వేయకూడదు. ఫ్లూ, న్యుమోకాకల్ వంటి ఇంజెక్షన్ టీకాలు వేయవచ్చు, వేయించాలి కూడా. బడిలోనో పక్కింట్లోనో ఎవరికైనా అమ్మవారు పోసిందని తెలిస్తే, పాపకు పొక్కులు వచ్చేదాకా ఆగకుండా అదే రోజు ఫోన్ చేయండి. ముందుగా తెలిస్తే ఇవ్వగలిగిన మందులు ఉన్నాయి.

వ్యాయామం గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారని తెలుసు, వారికే వదిలేస్తాను.


సమాధానం: పిల్లల ఫిజియోథెరపిస్టు, కూకట్‌పల్లి

సార్, మీ అత్తయ్య గారు చెప్పిన మాట ఒకప్పుడు వైద్యులు కూడా చెప్పినదే. వాపు తగ్గేదాకా విశ్రాంతి అనేవారు. ఆ తరువాత జరిగిన పరిశీలనల్లో, తగిన పర్యవేక్షణలో చేయించిన వ్యాయామం వల్ల వాపు పెరగదని, బలం పుంజుకుంటుందని తేలింది. మంచం మీదే ఉంచితే జరిగే నష్టం మాత్రం కళ్లతో చూస్తుంటాను. మోచేతులు, మోకాళ్లు, మడమల దగ్గర కండరాలు పొట్టిగా బిగుసుకుపోయి, బలం వచ్చిన తరువాత కూడా చేయి తిన్నగా చాపలేని పిల్లలు నా దగ్గరికి వస్తారు.

ఇప్పుడున్న స్థితిలో బరువులు, పరుగులు వద్దు. రోజుకు రెండుసార్లు కీళ్లన్నింటినీ పూర్తిగా చాపి మడిచే నెమ్మది సాగదీతలు, పడుకుని కాలు తిన్నగా ఎత్తడం, గోడకు వీపు ఆనించి చేతులు పైకి జరపడం, ఇవి చాలు. నొప్పి పుట్టేదాకా లాగవద్దు. ఒక పద్ధతి చెబుతాను: గోడ మీద పాప ఎత్తుకు తగినట్టు రంగు స్టిక్కర్లు ఒకదాని పైన ఒకటి అంటించి, ఈ రోజు ఎంత పై స్టిక్కరును తాకగలదో చూడమనండి. నా దగ్గరికి వచ్చే ఒక బాబు మొదటి రోజు తన భుజం ఎత్తులో ఉన్న పచ్చ స్టిక్కరు దగ్గరే ఆగిపోయాడు, మూడో నెలలో తల మీద ఉన్న పసుపు స్టిక్కరును గోటితో పీకి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఉప్పల్ మేడమ్ తల ఎత్తి లెక్కపెట్టడం గురించి రాశారు. మేము ఆసుపత్రిలో వాడే కొలతలో కూడా అది ఉంది. సీఎంఏఎస్ అంటాం, 14 పనులు, మొత్తం 52 మార్కులు. తల ఎత్తి రెండు నిమిషాలు ఉంచగలిగితే ఆ పనికి పూర్తి మార్కులు. నేల మీద నుంచి లేవడం, కుర్చీలోంచి లేవడం, ఎత్తుపీట ఎక్కడం కూడా అందులోనివే. మీ పాపకు మొదటి రోజు ఎన్ని వచ్చాయో ఫైలులో చూడండి, లేకపోతే ఈసారి కొలవమని అడగండి.

ఒక చిన్న విషయం. మరుగుదొడ్డిలో కింద కూర్చునే చోట ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ పెట్టండి, గోడకు పట్టుకునే కడ్డీ ఒకటి బిగించండి. పిల్ల ప్రతిసారీ అమ్మను పిలవాల్సిన అవసరం లేకపోతే ఆమె ముఖంలో వచ్చే మార్పు మీరే చూస్తారు.


సమాధానం: ఈ జబ్బుతో పెరిగిన అమ్మాయి, 24 ఏళ్లు

అంకుల్, నాకు తొమ్మిదేళ్లప్పుడు వచ్చింది. మీ ఇంట్లో నడిచిన వాదనే మా ఇంట్లోనూ నడిచింది, తేడా ఏమిటంటే మా ఇంట్లో మాత్ర ఆపేశారు. నాలుగో నెలలో, నేను మెట్లెక్కడం మొదలుపెట్టగానే, ముఖం ఉబ్బు చూడలేక, ఒక పొడి మందు మీద నమ్మకంతో ఆపారు. అమ్మానాన్నల మీద నాకు కోపం లేదు, వాళ్లు నన్ను కాపాడాలనే చేశారు. మూడు వారాల్లో మళ్లీ మంచం పట్టాను. ఈసారి మింగడం కూడా కష్టమైంది, పది రోజులు ముక్కులో గొట్టంతో ఆహారం ఇచ్చారు. ఒక్కసారి వచ్చి రెండు మూడేళ్లలో సద్దుమణిగే పిల్లలు కొందరు, తగ్గుతూ తిరగబెడుతూ ఉండేవారు కొందరు, చాలా ఏళ్లు అణగనివారు కొందరు ఉంటారని డాక్టరుగారు చెప్పారు. నేను ఎటువైపు వెళ్లేదాన్నో ఆ ఆపడం వల్ల మారిందో లేదో తెలియదు, కానీ నా మోచేతి దగ్గర ఉన్న రెండు సున్నపు గడ్డలు ఆ ఏడాదివే.

మందులు పూర్తిగా మాని నాలుగేళ్లయింది. మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఎండలోకి టోపీ లేకుండా ఇప్పటికీ వెళ్లను.

పాప గురించి ఒక విన్నపం. ఉబ్బిన ముఖాన్ని ఎవరూ ఆమె ఎదుట ప్రస్తావించవద్దని అందరికీ చెప్పండి. నాకు సూదులు గుర్తులేవు. పెళ్లిలో ఒక పెద్దావిడ నా బుగ్గలు పట్టుకుని అన్న మాట పదిహేనేళ్ల తరువాత కూడా గుర్తుంది. ఆ ఏడాది ఫొటోలు తీయడం మా ఇంట్లో మానేశారు. మీరు మానకండి, మామూలుగానే తీయండి.


మల్కాజిగిరి తండ్రి

అందరికీ నమస్కారాలు. నిన్న అపాయింట్‌మెంటు అయింది. డాక్టరమ్మ గోళ్ల అంచును భూతద్దంలో చూసి, నాకూ చూపించారు. దువ్వెనలో పళ్లు విరిగినట్టు మధ్యలో ఖాళీలు ఉన్నాయి. సీఎంఏఎస్ మొదట 21 వచ్చిందట, ఇప్పుడు 34. స్టెరాయిడ్‌ను ఆమే కొంచెం తగ్గించి, మళ్లీ మూడు వారాలకు రమ్మన్నారు. మెథోట్రెక్సేట్ అలాగే కొనసాగుతుంది. బాబుకు ఇంజెక్షన్ పోలియో వేయించమన్నారు.

ఈ రోజు ఆదివారం. ఉదయం చాప వేసి మూడో వీడియో తీశాం. మా బావగారే ఫోను పట్టుకున్నారు. పాప బోర్లా తిరగలేదు, రెండు చేతులూ నేలకు ఆనించలేదు. ఒక్క చేత్తో మోకాలు పట్టుకుని లేచి నిలబడి, వీడియో వచ్చిందా మామయ్యా అని అడిగింది. గోడ మీద స్టిక్కర్లు అంటిస్తున్నాం.